మన వెబ్ పేజీ ఎవరి చేతిలో ఉంది?

(స్త్రీల సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



వెబ్‌సైటు తయారుచేయడం ఎలా మొదలుపెట్టాలి, అందుకు ఏ పనిముట్లు ఎంచుకోవాలి అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాదు, సమాజశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. ఈ పని నాకు అవసరం కొద్దీ పట్టుబడింది. అందుకని ఇంజనీర్లు మామూలుగా అడిగే ప్రశ్నతో మొదలుపెట్టలేను. వాళ్ళు "ఏ పనిముట్టు గొప్పది?" అని అడుగుతారు. మనకు కావలసిన ప్రశ్న వేరు. ఏ పనిముట్టు ఎంచుకుంటే మన పేజీ మన చేతిలో ఉంటుంది, ఏది ఎంచుకుంటే ఇంకొకరి చేతిలోకి పోతుంది?

ఇదేదో సిద్ధాంత చర్చ అనుకోకండి. మన సంస్థల్లో చాలాచోట్ల జరిగేది చూద్దాం. ఎవరో తెలిసినవాళ్ళ అబ్బాయి వెబ్‌సైటు చేసిపెడతాడు. మంచివాడే, డబ్బులు కూడా తీసుకోడు. రెండేళ్ళకు ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోతాడు. పాస్‌వర్డు అతని దగ్గరే ఉండిపోతుంది. వెబ్‌సైటు పేరు కూడా అతని ఈమెయిలు మీదే రిజిస్టరై ఉంటుంది. ఈలోపు మన కార్యాలయం మారుతుంది, ఫోను నంబరు మారుతుంది. సైటులో మాత్రం పాత నంబరే ఉంటుంది. భర్త కొట్టి బయటికి నెడితే, పక్కింటి పిల్ల ఫోనులో వెతికించుకుని మన నంబరుకు చేసే మనిషికి ఆ నంబరు పలకదు. ఒక వరసలో పది అంకెలు మార్చడానికి మనకు శక్తి లేక ఇది జరుగుతోంది. సమస్య అంతా ఆ పది అంకెల దగ్గర ఉందని నా అభిప్రాయం. ఆ వరస మార్చగల మనిషి మన కార్యాలయంలోనే ఉండాలి. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

"ఇది మనవల్ల అయ్యే పని కాదమ్మా" అనే మాట ఈ ఉదయం నుంచే ఇద్దరు ముగ్గురి నోట విన్నాను. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చూడాలి. కంప్యూటరు అనే మాట మొదట యంత్రం పేరు కాదు. లెక్కలు కట్టే మనిషి పేరు. యుద్ధకాలపు అమెరికాలో ఆ మనుషుల్లో చాలామంది స్త్రీలు. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్ అనే భారీ ఎలక్ట్రానిక్ యంత్రాన్ని లోకానికి చూపించారు. దానికి లెక్కలు చేయడం నేర్పినవాళ్ళు ఆరుగురు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. ఆరుగురూ స్త్రీలే. అప్పటి సంబరాల్లో వాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తలేదు. 1980ల్లో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోలు చూసి ఈ ఆడవాళ్ళెవరని అడిగితే, యంత్రం అందంగా కనబడాలని నిలబెట్టిన మోడళ్ళని జవాబు వచ్చింది! మనుషులు రాసే మాటలకు దగ్గరగా ఉండే భాషలో కంప్యూటరుకు ఆదేశాలివ్వవచ్చని పట్టుబట్టి చూపించినది గ్రేస్ హాపర్. 1959లో మొదలైన కోబాల్ భాషకు పునాది ఆమె పనే. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో దశాబ్దాలపాటు నడిచింది ఆ భాషే.

అంటే స్త్రీలకు ఈ పని కొత్త కాదు. ఆ పనికి విలువ, జీతం పెరిగాక అది మగవాళ్ళ పని అయింది. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త సింథియా కాక్‌బర్న్ 1983లో లండన్ పత్రికల కంపోజిటర్ల మీద ఒక పుస్తకం రాసింది. సీసపు అక్షరాలు పోయి కంప్యూటరు కీబోర్డు వచ్చినప్పుడు, తరాలుగా ఆ పని చేసిన మగవాళ్ళకు అది అవమానంగా తోచింది. ఎందుకంటే అది టైపిస్టుల కీబోర్డులా ఉంది, టైపిస్టులంటే ఆడవాళ్ళు. నైపుణ్యం అన్నది పనిలో ఎంత ఉంటుందో, ఆ పని ఎవరు చేస్తున్నారన్న దానిలోనూ అంతే ఉంటుందని ఆమె చూపించింది. ఇప్పుడు మన సంస్థల్లోకి చూపు తిప్పండి. నివేదికలు టైపు చేసేది, డీటీపీలో కరపత్రం పేజీ కట్టేది, దాతలకు పంపే పట్టికలు ఎక్సెల్‌లో నింపేది ఎవరు? మన ఆడపిల్లలే. అయినా వాళ్ళను "ఆపరేటరు" అంటాం. బయటినుంచి వచ్చి వెబ్‌సైటు చేసిన అబ్బాయిని "టెక్నికల్ పర్సన్" అంటాం. అచ్చుతప్పు కనిపెట్టే కన్ను, వరస తప్పకుండా ఓపికగా చేసే చెయ్యి, ఈ రెండూ వెబ్ పేజీ రాయడానికి కావలసిన నైపుణ్యాలు. అవి మన దగ్గర ఉన్నాయి.

సరే, పనిలోకి వద్దాం.

వెబ్ పేజీ అంటే ఏమిటి? అది ఒక మామూలు రాత ఫైలు. అందులో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది మరో పేజీకి దారి అని బ్రౌజరుకు చెప్పే గుర్తులుంటాయి. ఆ గుర్తుల పద్ధతినే హెచ్.టి.ఎం.ఎల్. అంటారు. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ దీన్ని రూపొందించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఈ వెబ్ సాంకేతికతను ఎవరికీ రుసుము చెల్లించకుండా ఎవరైనా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ ప్రకటన లేకపోతే ఇవాళ మనం ఈ గదిలో ఈ మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు.

గుర్తులు చాలా తేలిక. కోణం ఆకారంలో ఉండే రెండు బ్రాకెట్ల మధ్య ఇంగ్లీషు "పి" అక్షరం పెడితే పేరా మొదలైనట్టు. అదే అక్షరం ముందు ఒక అడ్డగీత చేర్చి మళ్ళీ పెడితే పేరా ముగిసినట్టు. "హెచ్" పక్కన 1 పెడితే పెద్ద శీర్షిక, 2 పెడితే ఉపశీర్షిక. ప్రూఫులు దిద్దినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. పేజీ అంచున మనం వేసే గుర్తుల్లాంటివే ఇవీ. "మార్కప్" అన్న మాటే అచ్చుపని నుంచి వచ్చింది. మొత్తం మీద ఓ పదిహేను గుర్తులు వస్తే సంస్థ పరిచయం, సేవల వివరాలు, చిరునామా, వ్యాసాలు, అన్నీ పెట్టుకోవచ్చు. రంగులు, అక్షరాల సైజు, ఖాళీలు చూసుకునేది సి.ఎస్.ఎస్. అనే రెండో పద్ధతి. అది రెండో నెలలో నేర్చుకోండి. బటను నొక్కితే ఏదో జరగడం వంటివి చేయించే జావాస్క్రిప్ట్ మూడోది. దాని జోలికి చివర వెళ్ళండి. చాలా సంస్థల పేజీలకు దాని అవసరమే రాదు.

ఇక్కడ ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. అమీర్‌పేటలో గోడలనిండా "ఫుల్‌స్టాక్" కోర్సుల బోర్డులుంటాయి. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి, అప్పుచేసి ఆ కోర్సులు చదివే అమ్మాయిలు ఎంతోమంది. ఉద్యోగం కోసం నేర్చుకోవడం వేరే సంగతి, దాని దారి వేరు, ఆ మార్కెట్ అడిగే భాషలూ వేరు. రియాక్ట్ అంటారు, ఆంగ్యులర్ అంటారు. అవి వేలమంది ఒకేసారి వాడే పెద్ద సైట్ల కోసం పుట్టినవి. మనం కట్టుకునేది రెండు గదుల ఇల్లు. దానికి పది అంతస్తుల పునాది ఎవరైనా వేయమంటే వద్దనండి.

రాయడానికి ఏం కావాలి? విండోస్‌లో ఉండే నోట్‌పాడ్ చాలు. నిజంగానే చాలు. కాస్త సౌకర్యం కావాలంటే నోట్‌పాడ్ ప్లస్ ప్లస్ అనే ఉచిత ఎడిటరు ఉంది. పాత కంప్యూటరులో కూడా బరువులేకుండా నడుస్తుంది, గుర్తులను రంగుల్లో చూపిస్తుంది, మూయడం మరిచిపోయిన గుర్తును కనిపెట్టడం సులభమౌతుంది. లినక్స్ వాడేవాళ్ళకు జీనీ ఉంది. ఇవాళ ఎక్కువమంది వాడేది మైక్రోసాఫ్ట్ వాళ్ళ వి.ఎస్. కోడ్. బాగుంటుంది, ఉచితం, కానీ కొంచెం మంచి యంత్రం కావాలి. మనం దాన్ని ఎలా వాడుతున్నామన్న సమాచారం కంపెనీకి పంపుతుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని ఆపుకోవచ్చు. అదీ వద్దనుకుంటే అదే మూలంతో తయారైన వి.ఎస్.కోడియం ఉంది. కంప్యూటరు లేక ఫోను మాత్రమే ఉన్నవాళ్ళు ఆండ్రాయిడ్‌లో ఏకోడ్ అనే ఎడిటరుతో మొదలుపెట్టవచ్చు. చిన్న తెర మీద కళ్ళు లాగుతాయి గాని నేర్చుకోవడానికి పనికొస్తుంది.

ఎడిటరు గురించి పోట్లాడుకోకండి. ఎడిటర్లు వస్తాయి, పోతాయి. ఆటమ్ అనే ఎడిటరును ఒకప్పుడు అందరూ ఆకాశానికెత్తారు. 2022 డిసెంబరులో దాన్ని ఆపేశారు. అడోబీ సంస్థ బ్రాకెట్స్‌కు 2021లోనే మద్దతు నిలిపేసింది. వాటిలో పేజీలు రాసుకున్నవాళ్ళు ఏం కోల్పోయారు? ఏమీ లేదు. వాళ్ళ ఫైళ్ళు మామూలు రాత ఫైళ్ళు కాబట్టి మర్నాడు ఇంకో ఎడిటరులో తెరుచుకున్నారు. ఇప్పుడు దీనికి పక్కన జియోసిటీస్ పెట్టి చూడండి. 1990ల్లో లక్షలాదిమంది తమ మొదటి వెబ్ పేజీలు అక్కడ ఉచితంగా పెట్టుకున్నారు. 1999లో యాహూ కొనుక్కుంది, 2009లో మూసేసింది. కాపీలు దాచుకోనివాళ్ళ రాతలు, ఫోటోలు పోయాయి. కొన్నింటిని స్వచ్ఛంద కార్యకర్తలు పూనుకుని కాపాడారు.

కాబట్టి ఏ పనిముట్టు గురించైనా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే. రేపు ఈ కంపెనీ మూసేస్తే, ధర పెంచితే, మన ఖాతా ఆపేస్తే, మన రాతలన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసుకుని బయటికి రాగలమా? బొమ్మలు ఇటు జరిపి అటు జరిపి పేజీ కట్టే సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటి నుంచి అలా బయటపడటం కుదరదు. ఫేస్‌బుక్ పేజీ సంగతి ఇక చెప్పక్కర్లేదు. మన సంస్థల్లో సగానికి అదే వెబ్‌సైటు అనుకుంటున్నాం. ఖాతా లేనివాళ్ళు నాలుగు పోస్టులు చూసేసరికి లాగిన్ అవమని అడ్డం పడుతుంది. మూడేళ్ళ కిందటి నిజనిర్ధారణ నివేదిక కావాలంటే వేలు అరిగేదాకా కిందికి జరపాలి. ఊరేగింపు ఫోటోలకు, సభ కబురుకు ఫేస్‌బుక్ వాడండి. నివేదికలు, నంబర్లు, చట్టాల వివరాలు మాత్రం మన ఇంట్లో పెట్టుకుందాం.

వర్డ్‌ప్రెస్ గురించి తప్పకుండా అడుగుతారు. 2003లో వచ్చింది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దానిమీదే నడుస్తున్నాయి. వారం వారం కొత్త వ్యాసాలు పెట్టే సంస్థకు, నలుగురు రాసే పత్రికకు అది సరైనదే. కానీ దాన్ని పెంపుడు జంతువులా చూసుకోవాలి. దానికీ, దానికి తగిలించిన ప్లగిన్లకూ ఎప్పటికప్పుడు కొత్త కూర్పులు వేస్తూ ఉండాలి. ఆరు నెలలు పట్టించుకోకపోతే ఎవరో చొరబడి మన గృహహింస పేజీ కింద జూదం సైట్ల లింకులు పెట్టి పోతారు. చేత్తో రాసిన పదిపేజీల సైటుకు ఆ బెడద దాదాపు లేదు. అది పెట్టిన ఖాతా పాస్‌వర్డు ఒక్కటి భద్రంగా ఉంచుకుంటే చాలు. చూసుకునే మనిషి ఉంటేనే వర్డ్‌ప్రెస్, లేకపోతే చేతిరాత పేజీ. నా మాట ఇదే.

ఇప్పుడు తెలుగు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇంగ్లీషులో రాసే మార్గదర్శకాల్లో ఇది ఎక్కడా ఉండదు.

మన కరపత్రాలు, బులెటిన్లు, పాత సంచికలు ఎక్కువభాగం డీటీపీ కోసం తయారైన అను వంటి ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫైల్లో మనకు కనబడేది "అ" అయినా, లోపల కంప్యూటరు దాచుకున్నది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. 2000 ప్రాంతంలో తెలుగు దినపత్రికలను కంప్యూటరులో చదవాలంటే ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దించుకోవలసి వచ్చేది, గుర్తుండే ఉంటుంది. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో మన అక్షరాలకు 1991లోనే స్థానం దక్కింది. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక స్థిరమైన సంఖ్య ఉంది. యూనికోడ్‌లో రాసిన తెలుగు ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనబడుతుంది, గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది, చూపులేనివాళ్ళ స్క్రీన్ రీడరు దాన్ని చదివి వినిపించగలదు.

మనం చేసే పని ఏమిటంటే, కరపత్రాన్ని బొమ్మగా మార్చి వాట్సాప్‌లో తోస్తాం. బొమ్మలోని అక్షరాలు మామూలు వెతుకులాటకు దొరకవు. "భరణం కోసం ఎక్కడ దరఖాస్తు చేయాలి" అని తెలుగులో వెతికే మనిషికి మన కరపత్రం ఉన్నట్టే తెలియదు. ఎవరో అమ్మే సరుకుల ప్రకటనలు దొరుకుతాయి. మన దగ్గరున్న ముప్పై ఏళ్ళ జ్ఞానం బొమ్మల్లో, అను ఫైళ్ళలో గోనెసంచిలో కట్టిపెట్టినట్టు ఉంది.

1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణా పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ళ నోటివెంటే రికార్డు చేసింది. అలాంటి పని వెనుక ఉన్న పట్టుదల మనకు తెలుసు. మన కాలపు మాటలు ముందుతరానికి దొరకాలంటే వెతికితే దొరికే అక్షరాల్లో ఉండాలి.

పద్ధతి చెబుతాను. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే మేలు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల ద్వారా తెలుగు రాసే అలవాటు ఉన్నవాళ్ళకు లేఖిని ఉంది. పాత అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గాని, వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ప్రూఫు చూడకుండా పెట్టకండి. ఫైలు దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, పేజీ తలభాగంలోనూ ఆ మాట రాయండి. పేజీ భాష తెలుగు అని చెప్పడానికి మొదటి గుర్తులో టి, ఇ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చేర్చాలి. అప్పుడే స్క్రీన్ రీడరు తెలుగు గొంతు ఎత్తుకుంటుంది. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లున్నాయి. పేజీని అలంకరించేటప్పుడు పంక్తికీ పంక్తికీ మధ్య ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ జాగా ఇవ్వండి. లేకపోతే పైపంక్తి వత్తులూ కింది పంక్తి గుడులూ కొట్టుకుంటాయి. ఫోటో పెట్టిన ప్రతిచోటా అందులో ఏముందో ఒక వాక్యం రాయండి. దానికోసం విడిగా ఒక గుర్తు ఉంది. చూపులేని స్త్రీకి ఆ వాక్యమే ఫోటో.

పేజీ ఎవరు చదువుతారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది, మగవాళ్ళు దాదాపు 49 మంది. తెలంగాణలో స్త్రీలు 26.5, మగవాళ్ళు 57.4. తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే కొంచెం తక్కువ, తెలంగాణలో నూటికి 60. ఆ తర్వాత పరిస్థితి మారుతూ ఉండవచ్చు. కానీ తేడా ఎటు మొగ్గి ఉందో చూడండి. మన పేజీ తెరిచే స్త్రీ చేతిలో చాలాసార్లు తక్కువ ధర ఫోను ఉంటుంది, అది ఆమెది కాకపోవచ్చు కూడా.

ఈ ఒక్క విషయం నుంచి రెండు సంగతులు వస్తాయి. ఒకటి బరువు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. ఈ ప్రసంగమంతా టైపు చేసి పేజీ చేస్తే 60, 70 కిలోబైట్లు అవుతుందేమో. ఫోనులో తీసిన ఒక్క ఫోటో మూడు నాలుగు మెగాబైట్లు. అంటే ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్న ఒక్క ఫోటో ఇలాంటి యాభై ప్రసంగాలంత బరువు! ఫోటోలను చిన్నవి చేసి పెట్టండి, మొదటి పేజీలో కదిలే బొమ్మల వరసలు మానండి. సిగ్నలు సరిగా లేని తండాలో కూర్చుని పేజీ తెరిచి చూడండి. అంతకుమించిన పరీక్ష లేదు. సహాయ నంబరును బొమ్మగా కాకుండా, నొక్కితే ఫోను కలిసే లింకుగా పెట్టండి. 181కి కూడా అలాగే పెట్టవచ్చు. దానికి ఒక్క వరస కోడు చాలు.

రెండోది భద్రత, దీనికోసమే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. ఫోను భర్తది కావచ్చు, లేదా రాత్రి భర్త తనిఖీ చేసేది కావచ్చు. బ్రౌజరు తాను తెరిచిన ప్రతి పేజీ శీర్షికనూ చరిత్రలో దాచుకుంటుంది. మన పేజీ శీర్షిక "గృహహింస బాధితులకు సహాయం" అని ఉంటే ఆ మాటలే అక్కడ కనబడతాయి. వాట్సాప్‌లో లింకు పంపినా అవే మాటలు పైన వస్తాయి. శీర్షికలో సంస్థ పేరు మాత్రం పెట్టుకోవచ్చు కదా. పేజీ చిరునామాలో కూడా ఆ మాటలు రానివ్వకండి. కొన్ని దేశాల సహాయ కేంద్రాల సైట్లలో "వెంటనే బయటికి" అనే బటను ఉంటుంది. నొక్కగానే వాతావరణం పేజీయో మరొకటో తెరుచుకుంటుంది. జావాస్క్రిప్టు నిజంగా పనికొచ్చే చోటు ఇది, నాలుగు వరసల్లో రాయవచ్చు. అయితే ఆ బటను అంతకు ముందు తెరిచిన పేజీలను చరిత్రలోంచి తుడవదు. ఆ సంగతి బటను పక్కనే సూటిగా రాయాలి, చరిత్ర ఎలా తుడుచుకోవాలో కూడా రాయాలి. లేకపోతే ధైర్యం చెప్పి ప్రమాదంలోకి తోసినవాళ్ళమవుతాం.

ఎంతమంది చూశారో లెక్కపెట్టడానికి ఉచితంగా దొరికే గూగుల్ అనలిటిక్స్, ఫేస్‌బుక్ పిక్సెల్ వంటివి పేజీలో అతికిస్తారు. అవి వచ్చిన మనిషి కదలికల సమాచారాన్ని ఆ కంపెనీలకు పంపుతాయి. సహాయం పేజీలో అవి ఉండకూడదు. దాతలు లెక్కలు అడుగుతారు, నాకు తెలుసు. ఎన్ని ఫోన్లు వచ్చాయో చెప్పండి, ఆ లెక్క ఇంకా నిజమైనది. "మీ పేరు, ఊరు, సమస్య రాయండి" అనే ఫారాలు పెట్టేముందు, ఆ రాసింది ఏ షీటులోకి పోతుంది, ఆ షీటు ఎందరు తెరవగలరు అని అడగండి. చెప్పలేకపోతే ఫారం తీసేయండి.

కేసు వివరాలు పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. లైంగిక దాడికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడం నేరం. ఇదివరకు శిక్షాస్మృతి 228-ఎ సెక్షను ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను అమల్లో ఉంది. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఏ చిన్న వివరం వల్లనైనా ఆమె ఎవరో తెలిసిపోకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో నిపున్ సక్సేనా కేసులో స్పష్టం చేసింది. ఊరు, కులం, భర్త పని, పిల్లల సంఖ్య రాస్తే ఆ మండలంలో అందరికీ తెలుస్తుంది. ఫోటోల్లో మరో ప్రమాదం ఉంది. ఫోనులో లొకేషను ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫోటో ఫైల్లో ఉండిపోతుంది. ఆశ్రయ గృహంలో తీసిన ఫోటో నేరుగా సైటులో పెడితే దాని దారి మనమే చూపినట్టు. పెట్టేముందు ఆ సమాచారం తుడవాలి.

కృత్రిమ మేధ పనిముట్ల గురించి చిన్న మాట. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక, "మా సంస్థకు పేజీ చేసిపెట్టు" అంటే అది నిమిషంలో కోడు రాసి ఇస్తోంది. వాడుకోవద్దనను. ఒక గుర్తు ఎందుకు పనిచేయడం లేదో అడగడానికి, ఓపికగల టీచరులా వాడుకోండి. తెలుగులో అడిగినా జవాబిస్తుంది. రెండు షరతులు. మీకు అర్థం కాని వరసను పేజీలో ఉంచకండి, బెంగుళూరు వెళ్ళిపోయిన అబ్బాయి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టినట్టే అవుతుంది. కేసు కాగితాలు, స్త్రీల పేర్లు అందులో ఎప్పుడూ వేయకండి. నేర్చుకోవడానికి మొజిల్లా వాళ్ళ ఎం.డి.ఎన్., ఫ్రీ కోడ్ క్యాంప్ ఉచితంగా ఉన్నాయి, అయితే ఎక్కువభాగం ఇంగ్లీషులో. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెచ్చే పని చాలాకాలంగా చేస్తోంది. మన సంఘాలు అలాంటివాళ్ళతో కూర్చుని తెలుగులో ఒక వాచకం తయారుచేయించుకోవాలి. 1990ల మొదట్లో దూబగుంట స్త్రీలను సారా దుకాణం ముందుకు నడిపించినదాంట్లో అక్షరాస్యతా పాఠానికీ పాలుంది. ఆ పాఠం వాళ్ళ ఇంటి సంగతి గురించి కావడం చిన్న విషయం కాదు. మన కోడింగ్ వాచకంలో మొదటి పాఠం ఎవరో కంపెనీ అమ్మకాల పేజీ కాకుండా సహాయ నంబరు పేజీ కావాలి.

చివరిగా, పేరు. వెబ్‌సైటు పేరును కొనరు, ఏడాదికో రెండేళ్ళకో అద్దెకు తీసుకుంటారు. ఏడాదికి వెయ్యి, పదిహేను వందల రూపాయల వ్యవహారం. గడువు దాటితే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, మన పేరుమీద ఏ చెత్తయినా పెట్టవచ్చు. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్ పేర్ల నిర్వహణనే 2019లో ఒక ప్రైవేటు పెట్టుబడి కంపెనీకి అమ్మబోయారు. ప్రపంచమంతటా సంస్థలు ఆందోళన చేశాక, 2020 ఏప్రిల్ 30న ఐకాన్ సంస్థ ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. పేరు సంస్థ ఈమెయిలు మీద ఉండాలి, ఆ ఈమెయిలు పాస్‌వర్డు కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి, గడువు తేదీ కార్యాలయం గోడ క్యాలెండరు మీద రాసి ఉండాలి. పేజీలను పెట్టుకోవడానికి గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత చోట్లు ఉన్నాయి. ఎక్కడ పెట్టినా మొత్తం ఫైళ్ళ కాపీ మన బీరువాలో పెన్‌డ్రైవులో ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా పేజీని దాయమని చెప్పవచ్చు, ఉచితమే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత కంప్యూటర్ల దగ్గర కూర్చుందాం. ప్రతి సంస్థ నుంచి ఒక కరపత్రం తెమ్మన్నాం, తెచ్చారనుకుంటాను. దాన్ని యూనికోడ్‌లో టైపు చేసి, గుర్తులు పెట్టి, బ్రౌజరులో తెరిచి, ఫోను నంబరు నొక్కితే కలుస్తుందో లేదో చూస్తాం. డీటీపీ చేసే అమ్మాయిలు ముందు వరసలో కూర్చోండి, కార్యదర్శులు వాళ్ళ పక్కన. అంతకుముందు, మీ సైటు పేరు ఎవరి ఈమెయిలు మీద ఉందో ఇప్పుడే ఆఫీసుకు ఫోను చేసి కనుక్కోండి.